అండమాన్ టూరు రద్దు చేసుకున్నాం, కట్టిన 2 లక్షలు పోయినట్టేనా?

ప్రశ్న: మాది సామర్లకోట. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మరిది కుటుంబం ముగ్గురు, అత్తయ్య, మొత్తం 8 మందిమి సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్దామనుకున్నాం. హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీతో ఫోన్లో మాట్లాడి, విమాన టికెట్లతో సహా 5 రాత్రులు, 6 పగళ్ల ప్యాకేజీ మనిషికి 42,000 చొప్పున 3,36,000 రూపాయలకు ఒప్పుకున్నాం. అక్టోబరులో నా ఖాతా నుంచి 1,20,000, మరిది ఖాతా నుంచి 80,000 పంపాం. ప్రయాణం జనవరి 11న. నవంబరు చివర్లో అత్తయ్య బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ప్రయాణానికి 43 రోజుల ముందే వాట్సాప్‌లో రద్దు చేయమని చెప్పాం. అప్పటికి వాళ్లు మాకు ఒక్క టికెట్టూ పంపలేదు. రసీదు అడుగున ‘అడ్వాన్సు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు’ అని ఉంది కాబట్టి డబ్బు ఇవ్వమంటున్నారు. కావాలంటే జనవరి 11 నుంచి 6 నెలల్లోపు వాడుకునేలా వోచర్ ఇస్తారట. తగాదా ఏదైనా హైదరాబాద్ కోర్టుల్లోనే తేల్చుకోవాలని కూడా రసీదు మీద ఉంది. వదిలేయమని మావారంటున్నారు. సెల్యులార్ జైలు చూడాలన్నది అత్తయ్య ఎన్నాళ్ల కోరికో. కోలుకున్నాక వచ్చే చలికాలం ఆవిడను తీసుకెళ్లి తీరాలి. ఈసారి ఏం చూసుకోవాలి? అన్నట్టు, వాళ్లు పంపిన కార్యక్రమంలో ‘జరావా తెగను చూడటం’ అని ఉంది. మా పిల్లలేమో పగడాలు ఏరుకొస్తామంటున్నారు. వీటికి ఇబ్బందేమీ లేదు కదా?
- ఒక సోదరి, సామర్లకోట

జవాబు: వదిలేయకండమ్మా. మొత్తం 2 లక్షలూ వస్తాయని నేను మాట ఇవ్వలేను గానీ, అందులో పెద్ద భాగం మీకు రావాల్సిందే. ఎంత రావాలన్నది ఒకే ప్రశ్న తేలుస్తుంది: మీరు రద్దు చేసుకున్నందువల్ల ఆ ఏజెన్సీకి నిజంగా చేతి నుంచి పోయిందెంత? ఆ లెక్క చూపాల్సింది వాళ్లు.

రసీదు అడుగున అచ్చువేసిన వాక్యం చూసి చాలామంది వెనకడుగు వేస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ‘సంతకం పెట్టేశాం కదండీ’ అనే మొదలుపెడతారు. కానీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 చూడండి. ఒప్పందం తప్పితే ఇంత పోగొట్టుకోవాలని కాగితం మీద రాసుకున్నా సరే, అవతలివాళ్లకు దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక ప్లాటు వేలంలో బయానా సొమ్మును జప్తు చేసుకుంటే, నష్టమే జరగనప్పుడు ఆ సొమ్ము ఉంచుకోవడం కుదరదని సుప్రీంకోర్టు తిరిగి ఇప్పించింది. సర్కారు సంస్థకే ఆ వెసులుబాటు లేనప్పుడు ట్రావెల్ ఏజెన్సీకి ఎక్కడిది?

ఇక్కడ మీ వైపు బలహీనత కూడా చెప్పాలి. అత్తగారి ప్రమాదం బాధాకరమే, కానీ దానివల్ల ఒప్పందం దానంతటదే రద్దయిపోయిందని వాదించకండి. ఒప్పందం అమలు అసాధ్యమైతే వర్తించే సెక్షన్ 56 ఇంట్లో ఒకరి అనారోగ్యానికి సరిపోదు. ద్వీపాలు అక్కడే ఉన్నాయి, విమానాలు నడిచాయి, మిగతా ఏడుగురూ వెళ్లగలిగేవారే అని అవతలి వకీలు అంటారు. కాబట్టి రద్దు చేసుకున్నది మేమేనని ఒప్పుకోండి. ‘43 రోజుల ముందే చెప్పాం, మీకైన ఖర్చు మినహాయించి మిగతాది ఇవ్వండి’ అన్నదే మీ వాదన. ఆసుపత్రి కాగితాలు మీరు ఊరికే మనసు మార్చుకోలేదని చూపడానికి పనికొస్తాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. అన్నిటికంటే ముందు, విమాన టికెట్లు అసలు కొన్నారా? మీకు ఒక్క టికెట్టూ పంపలేదన్నారు కాబట్టి నాకు అనుమానంగానే ఉంది. పీఎన్‌ఆర్ నంబర్లు అడగండి. నంబరు, ఇంటిపేరు కొట్టి విమాన సంస్థ వెబ్‌సైట్లో చూస్తే చాలావరకు బయటపడుతుంది. కొని ఉంటే, రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదని, పన్నులు, విమానాశ్రయ రుసుములు టికెట్ ఏ రకందైనా వెనక్కి ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలున్నాయి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టుకైనా వాపసు బాధ్యత విమాన సంస్థదే. ఏజెంటు పేరు చెప్పి అది తప్పుకోలేదు.

తర్వాత హోటల్. సంక్రాంతి అండమాన్‌కు మంచి సీజను, 43 రోజుల ముందు వదిలిన గది ఖాళీగా ఉండిపోయిందంటే నమ్మడం కష్టం. హోటల్ నిజంగా డబ్బు పట్టుకుని ఉంటే ఆ రసీదు చూపమనండి. అక్కడి ఫెర్రీకీ, కారుకీ అంత ముందుగా ఎంత కట్టారో అదీ అడగండి.

మాటవరసకి, టికెట్లు కొన్నారనుకుందాం. రద్దు రుసుము రానుపోను కలిపి మనిషికి 8,000 చొప్పున 64,000, హోటల్ ఒక రాత్రి అద్దె 4 గదులకు 16,000, ఏజెన్సీ శ్రమకు 10,000 వేసుకున్నా 90,000 అవుతుంది. అంత ఉదారంగా లెక్కేసినా మీకు 1,10,000 రావాలి. టికెట్లు కొననే లేదంటే ఇంకా చాలా ఎక్కువ.

వోచర్ తీసుకోకండి. తీసుకుంటే వ్యవహారం రాజీ అయిపోయిందని రేపు వాదిస్తారు. పైగా అది మీకు ఎందుకు పనికొస్తుంది? జనవరి 11 నుంచి 6 నెలలంటే జులై 11తో సరి. తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడ పడవలెక్కి దిగే స్థితికి రావడానికి నెలలు పడుతుంది. మే మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు మనకంటే ముందు అండమాన్‌నే తాకుతాయి. ఆ రోజుల్లో సముద్రం పోటెత్తి ఫెర్రీలు ఆగిపోవడం మామూలే. వాడుకోలేని వోచర్ ఇవ్వజూపడం డబ్బు ఇచ్చినట్టు కాదని నోటీసులో ఈ తేదీలతో సహా రాయించండి.

హైదరాబాద్ మాటకొస్తే, మీరు అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదు చేసేవాళ్లు నివసించే చోటే కేసు వేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వీలు లేదు. నా దృష్టిలో కొత్త చట్టం సామాన్యుడికిచ్చిన వాటిలో అతి విలువైనది ఇదే. రసీదు మీది ఒక్క వాక్యంతో ఆ హక్కును తీసేయలేరు. మీకు కాకినాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వివాదం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న మాట ఉంది. నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం దాని కిందికే వస్తుంది. వినగానే మనకు సరిపోయినట్టుంటుంది. కానీ ఆ పేరుతో వచ్చే ఫిర్యాదులు వినే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు, ఆ పైన జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. కాకినాడలో ఆ మాట మీదే నిలబడితే అవతలివాళ్లు అధికార పరిధి లేదని అడ్డుపడి నెలలు గడిపేస్తారు. కాబట్టి ‘సేవాలోపం’, ‘అనుచిత వ్యాపార విధానం’ అని రాయించి, సెక్షన్ 74ను దన్నుగా పెట్టుకోండి. మీ మరిదిని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. 80,000 ఆయన ఖాతా నుంచి వెళ్లాయి కాబట్టి, లేకపోతే ఆ భాగం మీద పేచీ పెడతారు.

సాక్ష్యానికి మీ వాట్సాప్ సంభాషణే ప్రాణం. దయచేసి ఏ మెసేజీ చెరపకండి, ఫోను మార్చకండి. మొత్తం సంభాషణను తేదీలతో ప్రింటు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఉండే ధ్రువపత్రం జత చేయండి. బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదు, కార్యక్రమం పత్రం కూడా ఉండాలి. ముందుగా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఖర్చుల వివరాలు, వాటి రసీదులు, పీఎన్‌ఆర్‌లు అందులో విడివిడిగా అడగండి. ఆ వివరాలు ఇవ్వకపోతే ఆ మౌనమే రేపు మీకు ఆధారం. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో నమోదు చేయండి. డబ్బు అక్కడికక్కడే వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. కేసు దాకా వెళ్తే, నోటీసు అందాక జవాబు దాఖలుకు వాళ్లకుండేది 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకు మించి కమిషన్ పొడిగించలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తీర్పుకు మాత్రం చట్టం చెప్పే 3 నెలలు నమ్ముకోకండి, ఓపిక పట్టాలి.

ఇక వచ్చే చలికాలం. అత్తగారి కోరిక తీర్చండి, ఆ జైలు మనకు పరాయిది కాదు. రంప పోరాటంలో పట్టుబడిన మన్యం మనుషులనూ, మీ కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారినీ పంపింది అక్కడికే. ఈసారి డబ్బు పంపే ముందే ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారో తేదీల వారీగా ఈమెయిల్లో రాయించుకోండి. విమాన టికెట్లు మీరే నేరుగా కొనుక్కుని, అక్కడి బస, బండి మాత్రమే ఏజెన్సీకి ఇస్తే సగం చిక్కు తప్పుతుంది. వాతావరణం బాగోక స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్) ఫెర్రీ ఆగిపోతే ఆ రోజు బస ఎవరు భరిస్తారో కూడా రాయించాలి. 2016 డిసెంబరు తుపానులో హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుంటే నౌకాదళం వచ్చి తీసుకురావలసి వచ్చింది. తిరుగు విమానానికి ముందు రాత్రి ఎట్టి పరిస్థితిలోనూ పోర్ట్‌బ్లెయిర్లో (ఇప్పుడు శ్రీవిజయపురం) ఉండేలా చూసుకోండి. ప్రయాణ బీమా తీసుకుంటే, ఇంట్లోవాళ్లు ఆసుపత్రి పాలై రద్దు చేసుకుంటే వర్తిస్తుందా, అత్తగారికి ఉన్న పాత జబ్బులను మినహాయించారా అన్న రెండూ చదివి సంతకం పెట్టండి.

మీరు చివర్లో అడిగినవాటికి ఇబ్బంది ఉంది, పెద్దదే ఉంది. ‘జరావా తెగను చూడటం’ అన్న ఆ ఒక్క వాక్యం చూసి నాకు చాలా బాధ కలిగింది. బారాటాంగ్ ద్వీపానికి వెళ్లే రోడ్డు జరావాల రిజర్వు అడవి గుండా పోతుంది. వాహనాలు నిర్ణీత వేళల్లో పోలీసు కాన్వాయ్‌గా కదులుతాయి. దారిలో ఆగడం, ఫొటో తీయడం, తినేవి అందించడం అన్నీ నిషిద్ధం. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన రెగ్యులేషన్‌ను 2012లో మరింత కఠినం చేశారు. అనుమతి లేకుండా చొరబడితే, ఫొటోలు తీస్తే జైలుశిక్షే. ఆ తెగల పేరు చెప్పి యాత్రికులను ఆకర్షించే ప్రకటనలనూ అది నేరంగానే చూస్తుంది. వాళ్లు మనుషులు, బయటి నుంచి సోకే చిన్న జబ్బుకే గుంపులకు గుంపులే తుడిచిపెట్టుకుపోగల జనం. ఆ కార్యక్రమం పత్రం పారేయకండి. ఆ ఏజెన్సీ వ్యాపారం ఎలాంటిదో చూపడానికి ఫిర్యాదుకు జత చేయండి. వచ్చేసారి ఇలాంటి మాట చెప్పిన ఏజెంటుకు డబ్బు పంపకండి.

పిల్లలకు పగడాల సంగతి ఇప్పుడే చెప్పండి. దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1లో, అంటే పెద్దపులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు ముక్కే కదా అంటే కుదరదు, అదీ ఆ చట్టం కిందిదే. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సామాను తనిఖీలో అది దొరికితే సమాధానం చెప్పాల్సింది పెద్దవాళ్లు. గవ్వల్లోనూ కొన్ని జాతులు రక్షిత జాబితాలో ఉన్నాయి. ఏది ఏదో మనకు తెలియదు కాబట్టి ఇసుకలో ఏరినవి అక్కడే వదిలేయండి. గుర్తుగా ఏమైనా కావాలంటే ప్రభుత్వ ఎంపోరియంలో కొని, ఆ బిల్లు విమానం దిగేదాకా చేతిసంచిలో ఉంచుకోండి.