రెజ్లర్ అవుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఆరేళ్లుగా జూడో ఆడుతోంది, చదువూ ఫర్వాలేదు. పన్నెండో తరగతి అయిపోగానే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్తానని పట్టుబట్టింది. ఆన్‌లైన్‌లో ఒక ట్రైనింగ్ స్కూలు వాళ్లతో మాట్లాడింది కూడా. ఆరు నెలల కోర్సు, తర్వాత విదేశీ కంపెనీలో కాంట్రాక్టు గ్యారంటీ అన్నారట. వాళ్ల నాన్నేమో ‘అదంతా నాటకం, అదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. నాకు మాత్రం దెబ్బలంటేనే టెన్షన్. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ గ్యారంటీ సంగతి తేల్చేద్దాం. కాంట్రాక్టు ఇచ్చే కంపెనీ తప్ప, ఇంకెవరూ కాంట్రాక్టుకి గ్యారంటీ ఇవ్వలేరు. ఆ మాట అన్నందుకే ఆ స్కూలు పేరు కొట్టెయ్యండి. అమ్మాయి కోరికను మాత్రం అంత తేలిగ్గా కొట్టెయ్యకండి.

మీవారన్నది సగం నిజం. ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోతుంది. ఆ నిర్ణయం తీసుకునే మనిషిని బుకర్ అంటారు. జనం చప్పట్లు కొట్టే పాత్ర ఫేస్, జనం తిట్టుకునే పాత్ర హీల్. ఇంతవరకూ నాటకమే. పడటం మాత్రం నాటకం కాదు. రింగ్ అడుగున ఉక్కు ఫ్రేమ్, దాని మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, ఆ పైన బిగించి కట్టిన గుడ్డ. టీవీలో పరుపులా కనిపించేది ఇదే.

ఒకసారి ఇలాంటి క్లాసు చూడ్డానికి వెళ్లి మధ్యాహ్నమంతా ఒక మూల కూర్చున్నాను. కొత్తగా చేరిన అమ్మాయికి వెల్లకిలా పడటం నేర్పుతున్నారు. దాన్ని బంప్ అంటారు. ముందు గొంతుక్కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. ఊపిరి వదులుతూ వెనక్కి వాలాలి. వీపు పైభాగమంతా ఒకేసారి తగలాలి, అదే క్షణంలో రెండు అరచేతులతో మ్యాట్‌ని చరచాలి. తల మాత్రం తగలకూడదు. నాలుగోసారికి ఆ పిల్ల గడ్డం సంగతి మర్చిపోయింది. తల చిన్నగా టప్‌మంది. కోచ్ అరవలేదు. క్లాసు ఆపేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టి, ఇవాళ ఏ వారం, ఇందాక ఏం చేశాం అని నెమ్మదిగా అడిగాడు. అన్నీ సరిగ్గానే చెప్పింది. అయినా ఈరోజుకి ఇక చాలు, ఎవరినైనా పిలిపించుకుని ఇంటికి వెళ్లు, డాక్టరుకి చూపించుకుని రా అన్నాడు. ‘నాకేం కాలేదు సార్’ అని ఎంత బతిమాలినా వినలేదు. ఆయన మీద నాకు అక్కడే గురి కుదిరింది.

మర్నాడు తాళ్ల క్లాసు. రింగ్ చుట్టూ ఉండే తాళ్లకేసి పరుగెత్తి, వీపుతో ఆనుకుని, ఆ ఊపుతో వెనక్కి రావాలి. మొదటి వారంలో అందరికీ చంక కింద, వీపు మీద ఊదా రంగులో చారలు తేలతాయట. ఆ అమ్మాయిలు వాటిని ఒకరికొకరు చూపించుకుని నవ్వుకుంటున్నారు. (మీకు చెప్పకుండా ఉండాల్సింది, కానీ ఎలాగూ ఇంట్లో కనిపిస్తాయి కదా.)

మీ అమ్మాయి జూడో ఇక్కడ బాగా కలిసొస్తుంది. గడ్డం దాచుకోవడం, చేత్తో చరిచి దెబ్బను పంచడం ఆమెకి ఇప్పటికే ఒంటబట్టి ఉంటాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడోలో కాంస్యం తెచ్చుకున్న రోండా రౌజీయే తర్వాత అమెరికాలోని పెద్ద రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చి, 2019లో ఆ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో రెజిల్‌మేనియా 35 చివరి మ్యాచ్‌లో బెకీ లించ్, షార్లెట్ ఫ్లేర్‌లతో తలపడింది. రెజిల్‌మేనియాలో ఆడవాళ్ల మ్యాచ్ ఆఖరున, అంటే ప్రధానంగా పెట్టడం అదే మొదటిసారి. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 ఫిబ్రవరిలో, అదే కంపెనీ టీవీ షోలో ఒక మహిళల మ్యాచ్ అర నిమిషంలో ముగిస్తే ప్రేక్షకులు ఇంటర్నెట్‌లో దుమ్మెత్తిపోశారు. ‘అదీ ఒక ఉద్యోగమేనా’ అన్న మీవారికి ఈ నాలుగేళ్ల మార్పు చెప్పి చూడండి.

ఒక తేడా మాత్రం అమ్మాయికి ముందే తెలియాలి. జూడోలో అవతలి మనిషిని పడేస్తే పని అయిపోయినట్టే. ఇక్కడ పడేశాక ఆ మనిషి రేపు సాయంత్రం ఇంకో ఊళ్లో మళ్లీ ఆడగలగాలి. ఎదుటి మనిషి మెడ నీ చేతిలో ఉంటుంది, నీ మెడ ఆమె చేతిలో ఉంటుంది. ఈ రంగంలో ‘బాగా చేస్తుంది’ అని పేరు తెచ్చుకునేది గట్టిగా కొట్టే అమ్మాయి కాదు, ఆమెతో ఆడితే భయం లేదు అని తోటివాళ్లు చెప్పుకునే అమ్మాయి. గెలవడమే ముఖ్యం అనుకునే పిల్లయితే జూడోలోనే ఉండమనండి. బుకర్ ఓడిపొమ్మంటే నిండు హాల్లో నవ్వుతూ ఓడిపోవాలి కదా.

దెబ్బల గురించి అడిగారు. దాచను. బెకీ లించ్ పదిహేనేళ్లకే ఐర్లండ్‌లో శిక్షణ మొదలుపెట్టింది. 2006లో జర్మనీలో ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి ఏళ్ల తరబడి రింగ్‌కి దూరమైంది. మధ్యలో విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా చేసింది, నటన చదువుకుంది. 2013లోగానీ డబ్ల్యూడబ్ల్యూఈలో అడుగుపెట్టలేదు. ఇంగ్లండ్‌కు చెందిన పెయిజ్ పదమూడేళ్లకే రింగ్ ఎక్కింది. మెడ దెబ్బ వల్ల 2018లో రిటైర్మెంట్ ప్రకటించేనాటికి ఆమెకి ఇరవై అయిదు. నాలుగేళ్ల తర్వాత వేరే కంపెనీలో మళ్లీ ఆడింది, అది వేరే సంగతి. ఇరవై అయిదేళ్లకి ‘ఇక నేనేం చెయ్యాలి’ అనే ప్రశ్న ఎదురైతే చేతిలో చదువు ఉందా లేదా అన్నదే నా ఆలోచనంతా. అందుకే డిగ్రీ ఆపొద్దు అంటాను. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్, నటన, జర్నలిజం – వీటిలో ఏదైనా ఈ పనికి పక్కవాద్యంలా పనికొస్తుంది. నటన అనగానే నవ్వకండి. మైకు పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడి జనాన్ని తన వైపు తిప్పుకోవడాన్ని ప్రోమో అంటారు. కండలు ఉండీ ఇది రాక వెనకబడ్డవాళ్లు చాలామంది.

తొందరపడాల్సిన వయసు కూడా కాదు. ఒకప్పుడు జపాన్‌లో పేరున్న ఆల్ జపాన్ ఉమెన్స్ కంపెనీలో ఇరవై ఆరేళ్లకి రిటైర్ అయిపోవాలనే నియమం నడిచింది. ఆ రోజులు పోయాయి. అదే కంపెనీలో 1987లో మొదలుపెట్టిన మనామి టొయోటా 2017 దాకా ఆడింది. జపాన్‌కే చెందిన అసుకా ఒకసారి కిడ్నీ జబ్బుతో ఆపేసి, తిరిగొచ్చి, డబ్ల్యూడబ్ల్యూఈలో చేరేసరికి ముప్ఫై దాటింది. 2018లో అక్కడ జరిగిన మొదటి మహిళల రాయల్ రంబుల్ (ఒకరి తర్వాత ఒకరు రింగ్‌లోకి దిగే పెద్ద గుంపు మ్యాచ్) గెలిచింది ఆమే. కాబట్టి పద్దెనిమిది నిండగానే ఎక్కడో చేరకపోతే బస్సు తప్పిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పెద్ద కంపెనీలు ఇప్పుడు వేరే ఆటల్లో రాటుదేలినవాళ్లనే ఎక్కువగా చూస్తున్నాయి. డబ్ల్యూడబ్ల్యూఈ 2013లో ఒర్లాండోలో పర్ఫార్మెన్స్ సెంటర్ అని ఒక శిక్షణ కేంద్రం పెట్టింది. ట్రైఅవుట్లలో, అంటే ఎంపిక పరీక్షల్లో నచ్చినవాళ్లని అక్కడికి తీసుకుంటారు. అలా డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ అయిన బియాంకా బెలేర్ కాలేజీలో హర్డిల్స్ పరుగెత్తేది. 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ పెట్టిన మహిళల టోర్నమెంట్‌లో సల్వార్ కమీజ్‌తో రింగ్ ఎక్కిన కవితా దేవి అంతకుముందు 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ స్వర్ణం గెలిచింది. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది, అయినా అదే ఏడాది ఆమెకి కాంట్రాక్టు దొరికింది. అంటే జూడోలో ఇంకో రెండేళ్లు పతకాల కోసం కష్టపడితే అది వృథా కాదు, అదే ఆమెకి టికెట్.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. చిన్న కంపెనీల్లో మ్యాచ్‌కి ఇంత అని ఇస్తారు. అది ప్రయాణానికే సరిపోని రోజులుంటాయి. షో అయ్యాక బయట టేబుల్ వేసుకుని టీషర్టులు, ఫొటోలు అమ్ముకుంటే వచ్చేది విడిగా. పెద్ద కంపెనీల్లో ఆదాయం బాగుంటుంది, కానీ అక్కడ కూడా రెజ్లర్లని ఉద్యోగులుగా కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్లుగా రాసుకుంటారు. ఆరోగ్య బీమా, పొదుపు చాలావరకు ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

అసలు నా భయం రింగ్ లోపలి దెబ్బల కంటే కాగితాల మీద ఎక్కువ. వెండీ రిక్టర్ అని ఒకామె ఉండేది. ఆమెకి శిక్షణ ఇచ్చింది మూలా అనే పెద్ద రెజ్లర్. మూలా శిక్షణ ఇచ్చిన అమ్మాయిలకి మ్యాచ్‌లు కుదిర్చేదీ తనే, వాళ్ల సంపాదనలో వాటా తీసుకునేదీ తనే. 1984లో రిక్టర్ ఆ గురువునే ఓడించి ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది కంపెనీతో (అదే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) డబ్బు దగ్గర, కాంట్రాక్టు దగ్గర పేచీ వచ్చింది. 1985 నవంబర్ 25న న్యూయార్క్‌లో మాస్క్ వేసుకున్న ‘స్పైడర్ లేడీ’తో మ్యాచ్ పెట్టారు. వెల్లకిలా పడ్డ మనిషి రిఫరీ మూడు లెక్కపెట్టేలోగా భుజం లేపితే ఓడనట్టే. రిక్టర్ భుజం పైకెత్తినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. మాస్క్ తీస్తే మూలా. రిక్టర్ ఆ రాత్రే కంపెనీ వదిలేసి వెళ్లిపోయింది. నేర్పినదీ, మ్యాచ్ కుదిర్చినదీ, వాటా తిన్నదీ ఒకే మనిషి అయినప్పుడు ఏమవుతుందో దీనికంటే బాగా నేను చెప్పలేను. కోచ్‌గా చెప్పేవాళ్లే ‘మీ ఏజెంటుగా కూడా నేనే ఉంటాను, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే అక్కడే లేచి వచ్చెయ్యండి.

పేరు కూడా చూసుకోవాలి. రింగ్‌లో పెట్టే పేరు చాలాసార్లు కంపెనీ సొత్తు. డబ్ల్యూడబ్ల్యూఈలో సాషా బ్యాంక్స్‌గా ప్రపంచమంతా తెలిసిన అమ్మాయి, ఆ కంపెనీ వదిలాక 2023లో జపాన్‌లో మెర్సెడీస్ మోనే అనే కొత్త పేరుతో మొదలుపెట్టాల్సి వచ్చింది. పెయిజ్ కూడా వేరే కంపెనీలో తన సొంత పేరు సరాయాతోనే ఆడింది. కాబట్టి పేరు ఎవరిది, టీషర్టుల మీద వాటా ఎంత, వదిలేశాక ఎన్ని రోజులు వేరేచోట ఆడకూడదు, గాయమైతే వైద్యం ఎవరి ఖర్చు – ఈ నాలుగూ కాగితం మీద కనిపించాలి. నోటిమాట చెల్లదు. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించండి. ఆ ఫీజు గురించి బెంగపడొద్దు.

ఇంకొకటి, తల్లిగా మీరు తప్పక అడగాల్సింది. 2020 జూన్‌లో ‘స్పీకింగ్ అవుట్’ పేరుతో చాలామంది అమ్మాయిలు, ముఖ్యంగా బ్రిటన్‌లో, ట్రైనర్లు, తోటి రెజ్లర్లు తమని ఎలా వేధించారో బయటపెట్టారు. అక్కడి పార్లమెంటు సభ్యుల బృందం కూడా దీని మీద నివేదిక ఇచ్చింది. కాబట్టి మహిళా కోచ్ ఉందా, అమ్మాయిలకి విడిగా బట్టలు మార్చుకునే గది ఉందా, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, పద్దెనిమిది నిండని పిల్లలతో ఒంటరిగా క్లాసు పెడతారా అని మొహమాటం లేకుండా అడగండి. అడిగినందుకు మొహం చిట్లించే స్కూలు మనకొద్దు.

హీల్ పాత్ర వేసిన రోజున ఫోన్‌లో వచ్చే తిట్లకి కూడా తయారు కావాలి. జపాన్ రెజ్లర్ హనా కిమురా 2020లో ఇరవై రెండేళ్లకే చనిపోయింది. ఒక టీవీ రియాలిటీ షో చూసినవాళ్లు సోషల్ మీడియాలో ఆమె మీద విషం కక్కారు. ఆమె తల్లి పోరాడాక, 2022లో జపాన్ అవమానించే మాటలకు శిక్ష పెంచింది. ఆ తల్లి కూడా ఒకప్పుడు రెజ్లరే. మీ అమ్మాయి అకౌంట్ పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర ఉండి, చెడ్డ రోజుల్లో వాళ్లే మెసేజ్‌లు చూసేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

పాపా, ఈ పేరా నీకు. అమ్మ చదివి వినిపిస్తుందనుకుంటున్నాను. ఈ ఏడాది జూడో, పరీక్షలు వదలొద్దు. మెడకి, పొట్ట కండరాలకి వ్యాయామం పెంచు. అద్దం ముందు రోజూ రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ మాట్లాడు, వారానికోసారి విను. మొదట్లో సిగ్గేస్తుంది. రింగ్ ఎక్కకపోయినా ఈ రంగంలో పనులున్నాయని కూడా తెలుసుకో. డబ్ల్యూడబ్ల్యూఈలో జెస్సికా కార్ రిఫరీ. సారా అమాటో రెజ్లర్‌గా ఆడి, కోచ్ అయి, పర్ఫార్మెన్స్ సెంటర్‌లో ఎంతోమందిని తయారుచేసింది.

అమ్మా, మీరు, మీవారు, అమ్మాయి ముగ్గురూ కలిసి రెండు మూడు స్కూళ్లకి వెళ్లండి. వెళ్లేముందు ఫోన్ చెయ్యొద్దు. బాగా ఆడేవాళ్లని కాదు, క్లాసులో అందరికంటే వెనకబడ్డ అమ్మాయిని చూస్తూ కూర్చోండి. ఆమె తప్పుగా పడితే కోచ్ ఏం చేస్తాడో గమనించండి. బయటికి వచ్చేటప్పుడు ఒప్పందం కాపీ ఒకటి ఇంటికి ఇవ్వమని అడగండి. అప్పుడు వాళ్లేమన్నారో నాకు రాయండి.