గుంటూరు నుంచి బంగ్లాదేశ్‌కు లారీలో ఎండు మిర్చి పంపాలంటే ఏయే పత్రాలు కావాలి?

పెట్రాపోల్ (పశ్చిమ బెంగాల్)–బెనాపోల్ (బంగ్లాదేశ్) సరిహద్దు మీదుగా ఎండు మిర్చి పంపడానికి ఏయే పత్రాలు సిద్ధం చేసుకోవాలని అడిగారు. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థలో పత్రాల పని చూస్తున్నాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావలసిన కోడ్), స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు నమోదు, కస్టమ్స్ వద్ద మీ బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు శాఖ గుర్తింపు సంఖ్య) నమోదు, జీఎస్టీ ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) మొదట ఉండాలి. వీటిలో ఎల్‌యూటీని ఏటా మళ్లీ దాఖలు చేయాలి. అది లేకపోతే ఐజీఎస్టీ పన్ను ముందు కట్టి, ఆ తరువాత రిఫండు కోసం ఎదురుచూడాలి.

అసలు జాగ్రత్త పడవలసింది కొనుగోలుదారు బ్యాంకు తెరిచే ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే పత్రాలు షరతులకు సరిపోతే డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు హామీ) దగ్గర. ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా లారీ ఎక్కకముందే దాన్ని అక్షరం అక్షరం చదవండి. సరుకును విడతలుగా పంపకూడదన్న షరతు ఉంటే, రెండు లారీలు ఒకే రోజు ఒకే చోటికి బయలుదేరినా ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నిబంధనలైన యూసీపీ 600 ప్రకారం అది విడతల రవాణాయే అవుతుంది, బ్యాంకు పత్రాలను తిరస్కరించవచ్చు. మాకు వచ్చిన ఒక ఎల్‌సీలో ఈ షరతు కనిపించగానే సవరణ అడిగి, అది మా బ్యాంకు ద్వారా చేతికి అందిన తరువాతే లోడు చేయించాం. పరిమాణం విషయమూ అంతే. టన్నుల్లో రాస్తే, బిల్లు మొత్తం ఎల్‌సీ మొత్తాన్ని దాటనంత వరకు, 5 శాతం హెచ్చుతగ్గులు చెల్లుతాయి. టిక్కీల లెక్కలో రాస్తే ఆ వెసులుబాటు ఉండదు. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయ ఆరి తూకం తగ్గుతుంది కాబట్టి టన్నుల్లోనే రాయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌కు (సరుకులో చీడపీడలు లేవన్న ప్రభుత్వ ధ్రువపత్రం) దరఖాస్తు చేసే ముందు, బంగ్లాదేశ్ ప్లాంట్ క్వారంటైన్ ఇచ్చిన దిగుమతి అనుమతి పత్రం నకలును కొనుగోలుదారు నుంచి తెప్పించుకోండి, ఎందుకంటే అందులో అడిగిన ఫ్యూమిగేషన్ (పురుగులు చావడానికి మందు పొగ పెట్టడం) వివరాలు, అదనపు ధ్రువీకరణలు మన సర్టిఫికెట్‌లో ఉన్నదున్నట్లు కనిపించాలి. సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద సుంకం రాయితీ కోరితే, ఆ ఒప్పందానికి చెందిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) వేరుగా తీసుకోవాలి.

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, లారీ రసీదు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి ప్రకటన) అన్నింటిలోనూ తూకం, టిక్కీల సంఖ్య, కొనుగోలుదారు చిరునామా ఒకేలా ఉండాలి. షిప్పింగ్ బిల్లును కస్టమ్స్ బ్రోకర్ దాఖలు చేస్తారు. కస్టమ్స్ ఎగుమతి అనుమతి వచ్చాక లారీ కార్ పాస్‌తో (వాహనం సరిహద్దు దాటడానికి ఇచ్చే అనుమతి పత్రం) బెనాపోల్ వెళ్లి సరుకు దింపుతుంది. ఎల్‌సీలో వేరే గడువు లేకపోతే, రవాణా తేదీ నుంచి 21 రోజుల్లోగా, ఎల్‌సీ గడువు ముగియకముందే, ఒరిజినల్ పత్రాలు బ్యాంకుకు చేరాలి. అందుకే ముసాయిదాలన్నీ లారీ గుంటూరు దాటకముందే కొనుగోలుదారుకు పంపి, సరేనన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.