రక్తం కనపడగానే గండం గడిచిందనుకోకు బుజ్జీ

బుజ్జీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదే. నెలసరి తొమ్మిది రోజులు లేటు, సెప్టెంబరులో జర్మనీ వెళ్లాలి, అల్లుడి ఫ్రెండుకి మెడికల్ షాపుంది, వాడు కడుపు పోయే మాత్రలిస్తాడు, శనివారం ఇంట్లోనే కానిచ్చేస్తానంటావు, పైగా "అమ్మకి చెప్పకు పెద్దమ్మా" అని ఒట్టు. అంతమందిలో నిన్నే పంపుతున్నారంటే గర్వంగా ఉంది. నీ కడుపు సంగతి నువ్వే తేల్చుకుంటానన్నావు చూడు, అందుకు ఇంకా గర్వంగా ఉంది (మా రోజుల్లో అది అత్తగారి శాఖ). కానీ ఆ శనివారం మాట విన్నప్పటినుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు.

ఇంకా టెస్టే చెయ్యలేదంటే తిక్క లేచింది నాకు. రేపు లేవగానే మొదటి మూత్రంతో చెయ్యి. రెండు గీతలొస్తే ఉన్నట్టే, రెండోది వెలిసిపోయినట్టున్నా ఉన్నట్టే. ఒకటే వస్తే మూడు నాలుగు రోజులాగి మళ్లీ చెయ్యి. నైట్ షిఫ్టులకీ టెన్షన్‌కీ థైరాయిడ్‌కీ కూడా లేటవుతుంది.

ఇప్పుడు నేను చెప్పేది మీ అమ్మకి తెలియదు. 1994 జ్యేష్ఠంలో దాని పెళ్లి. ముహూర్తం సరిగ్గా నా డేటు మీద పడింది. అక్కని, పీటల దగ్గర నేను లేకపోతే ఎలా? అందరిలాగే వాయిదా మాత్రలు తెప్పించుకుని మింగాను. పెళ్లయ్యాక మానేశాను. రెండు మూడు రోజుల్లో రావాల్సింది వారమైనా రాలేదు. మాత్రలు వేడి చేశాయన్నారు మా అత్తగారు. నువ్వులూ బెల్లం దంచి రోజూ ఇంత ఉండ, పచ్చి బొప్పాయి కూర, నేను నోరు మూసుకుని తినడం. అప్పటికే కడుపుతో ఉన్నానన్న అనుమానమే రాలేదు, చంకలో మూడేళ్ల పిల్లాణ్ణి పెట్టుకుని కూడా. తర్వాత కొంచెం కనిపించింది. ఎర్రగా కాదు, కాఫీ డికాక్షన్ రంగులో చుక్కలు చుక్కలుగా. హమ్మయ్య, వచ్చేసిందనుకున్నాను. అక్కడే బుజ్జీ నేను మోసపోయింది. అది నెలసరి కాదు.

పది రోజులు అలా కాస్త కనపడటం, ఆగటం. పొత్తికడుపులో కుడిపక్క సన్నగా లాగేది, బిందెలు మోశాను కదా అనుకునేదాన్ని. ఆ పొద్దున బోరింగు దగ్గర కుడి భుజం పైన ఒకటే పోటు, కళ్లు బైర్లు కమ్మాయి, పంపు పిడి వదిలేసి ఆ బురదలోనే కూలబడ్డాను. తెనాలి నుంచి గుంటూరు కారులో తీసుకెళ్లారు. గర్భం సంచిలో కాక, అండం వచ్చే ట్యూబులో పెరిగి, అది పగిలిందట. లోపలి రక్తం పొట్టకీ ఛాతీకీ మధ్యనుండే అడ్డపొరకి తగిలితే భుజం లాగుతుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. కుడి ట్యూబు తీసేశారు. రక్తం ఎవరిచ్చారనుకున్నావు, మీ నాన్న. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారి గడప తొక్కకూడదని ఊరవతలే ఉన్న మనిషి, కబురందగానే ఆసుపత్రికొచ్చి చెయ్యి చాపాడు. తన పెళ్లి కోసం మింగిన మాత్రల వల్లే అనుకుని మీ అమ్మ కుమిలిపోతుందని దానికి అపెండిసైటిస్ అని చెప్పాం. మాత్రల వల్లని డాక్టరమ్మ అననే లేదు, అయినా సరే. మీ అమ్మ ఇప్పటికీ ఎవరికి కడుపునొప్పొచ్చినా "మా అక్కకీ అపెండిసైటిసే" అంటుంటుంది.

అందుకే ఆ షాపు మాత్రలంటే వణుకు. అవి సంచిలో ఉన్నదాన్నే పంపుతాయి, ట్యూబులో ఉన్నదాని మీద పనిచెయ్యవు. కానీ రక్తం మాత్రం పోతుంది. అయిపోయిందనుకుని నువ్వు విమానమెక్కేస్తావు. ఎక్కడుందో ముందు తేలాలి. డాక్టరు దగ్గరికెళ్లు, కిందటి నెలసరి మొదటి రోజు తేదీ రాసుకెళ్లు, అక్కణ్ణించే లెక్క. నీకిప్పుడు ఐదు వారాలు దాటింది, స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు. కంగారుపడకు, రెండు రోజుల తేడాతో బీటా హెచ్‌సీజీ అని గర్భం హార్మోను ఎంతుందో చూసే రక్తపరీక్ష చేస్తారు, మళ్లీ రమ్మంటారు. ఈలోపు ఒక పక్క నొప్పి, కళ్లు తిరగటం, భుజం పోటు, ఏ ఒక్కటొచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తు. మీటింగుందనకు, చంపుతాను.

వద్దనుకుంటే దొంగచాటు అక్కర్లేదే పిచ్చిదానా. 1971 నుంచీ చట్టముంది, 2021లో మార్చారు కూడా. 20 వారాల లోపు ఒక్క డాక్టరు ఒప్పుకుంటే చాలు. మేజరువి, సంతకం నీదే, మొగుడిదీ అక్కర్లేదు, నీ పేరు బయటపెట్టకూడదు. తొమ్మిది వారాల లోపైతే మాత్రలతోనే చేస్తారు, కాకపోతే చూసి ఇస్తారు. ఉంచుకుంటానంటే ఫోలిక్ యాసిడ్ అడుగు. నా మనసులో ఏముందో అడగొద్దు, అడిగితే చెప్పేస్తాను, అది నీకు బరువు.

శుక్రవారం రాత్రి బస్సెక్కుతున్నా. మీ అమ్మకి పన్ను చూపించుకోడానికని చెప్పాను, ఇది దానికి నేను చెప్పిన రెండో అబద్ధం. ఉండలు తెస్తున్నా. సున్నుండలేలే, నువ్వులవి కాదు.

పెద్దమ్మ