పరీక్ష పోతే మనిషి కూడా పోయినట్టేనా? తిరుపతి నుంచి నా జవాబు

నాయనా, నువ్వు అడిగింది ఇది. పదో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా అన్నింట్లో ముందున్నావు. తర్వాత గ్రూప్స్‌కి కూర్చున్నావు. ప్రిలిమ్స్ దాటడం, మెయిన్స్‌లో పోవడం, మళ్లీ మొదలుపెట్టడం. ఇప్పుడు పుత్తూరులో ఇంటికి వెళ్లాలంటేనే టెన్షన్. ఎవరో పెద్దాయన "నీకు ఉద్యోగం వచ్చినా రాకపోయినా దేవుడు నిన్ను ప్రేమిస్తాడు" అన్నాడు. అది ఓడిపోయినవాడికి చెప్పే ఓదార్పు మాటేనా, దాన్ని నమ్ముకుని నిజంగా బతకొచ్చా అని నీ సందేహం. మళ్లీ రాయాలా, నాన్నకి ఏం చెప్పాలి అని కూడా అడిగావు.

బతకొచ్చు. నేను అలాగే బతుకుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. రిజల్ట్స్ వచ్చిన వారం ఈ ఊరు ఎలా ఉంటుందో నీకు తెలిసే ఉంటుంది. బాలాజీ కాలనీలో, లీలామహల్ సర్కిల్‌లో ఎటు చూసినా పిల్లల ఫోటోలు, వాటి కింద ర్యాంకులు. వాళ్లలో చాలామంది నా దగ్గర చదివినవాళ్లే. బజారుకి వెళ్తే ఎవరో ఒకరు ఆగి పలకరించేవాళ్లు. పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు మావారి పేరు, మా ఊరి పేరు ఏదీ చెప్పేవాళ్లు కాదు, "లెక్కల మేడమ్" అంటే చాలు. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే.

ఆ తర్వాత థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట రావడానికి పనిచేసే నరం ఆ గ్రంథిని ఆనుకునే పోతుంది. ఆపరేషన్ తర్వాత కొందరికి ఆ నరం మొద్దుబారి గొంతు పోతుంది, ఎక్కువమందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. నాకు పూర్తిగా రాలేదు. గుసగుసగా మాట్లాడగలను, కాసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది. నిండా పిల్లలున్న క్లాసులో ఆ గొంతుతో పాఠం ఎలా చెప్తాం? కాలేజీవాళ్లు కొన్నాళ్లు పేపర్లు దిద్దే పని ఇచ్చి, తర్వాత ఇక అవసరం లేదన్నారు.

జీతం పోయినందుకు ఇబ్బంది పడ్డాం గానీ ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేనిది వేరే ఉంది. బ్యాంకులో ఏదో ఫారం నింపుతుంటే "వృత్తి" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. గృహిణి అని రాస్తే తప్పేమీ లేదు, మా అమ్మ జీవితమంతా గృహిణే. కానీ ఆ గడిలో రాయడానికి నేనే మిగల్లేదనిపించింది. నువ్వు "ఊళ్లో ఎవరైనా ఏం చేస్తున్నావని అడుగుతారేమోనని రాత్రి బస్సుకి వెళ్తున్నా" అని రాశావు చూడు, అక్కడ నాకు ఆ గడే గుర్తొచ్చింది.

గోవిందరాజస్వామి గుడిలో విష్ణుసహస్రనామ పారాయణకి వెళ్లడం కూడా మానేశాను. అక్కడ అందరికంటే ముందు గట్టిగా అందుకునే గొంతు నాదే మరి. పాఠం లేదు, పారాయణ లేదు. ఆ రోజుల్లో మావారు నన్ను బలవంతంగా అన్నమాచార్య కళామందిరానికి తీసుకెళ్లేవారు, సాయంత్రం ఉపన్యాసం వినడానికి. ఒకరోజు ఉపన్యాసం అయ్యాక, చెప్పిన పెద్దాయన దగ్గరికి వెళ్లి నా సంగతి కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి ఇలా అన్నారు: "అమ్మా, నీ పని పోయింది. నువ్వు ఎవరిదానివో అది పోలేదు కదా. పెరుమాళ్లు నీ గొంతు చూసి నిన్ను తనదాన్ని చేసుకోలేదు."

ఆ మాట అప్పటికప్పుడు పనిచేసిందని చెప్పను. చాలా నెలలు పట్టింది. కానీ ఆ మాట వెనక ఉన్న సంప్రదాయాన్ని నెమ్మదిగా చదువుకుంటూ పోయాను. అందులో నాకు దొరికిందే నీకు చెబుతాను.

మన తిరుపతి రామానుజుల వారి ఊరు కూడా. ఆయన మేనమామ తిరుమలనంబి దగ్గర ఏడాది పాటు రామాయణార్థాలు విన్నది ఈ కొండ కిందే. ఆ శ్రీవైష్ణవ సంప్రదాయంలో "నేనెవరిని?" అన్న ప్రశ్నకి జవాబు చాలా సూటిగా ఉంటుంది. జీవుడి స్వరూపమే భగవంతుడికి చెందినవాడై ఉండడం. దాన్నే శేషత్వం అంటారు. అది మనం సంపాదించుకునేది కాదు, పుట్టుకతో ఉన్నదే. తెలియకపోయినా ఉంటుంది, మరిచిపోయినా ఉంటుంది. అందుకే వాళ్లు తమని తాము పరిచయం చేసుకునేటప్పుడు పేరు చివర దాసుడు అని చెప్పుకుంటారు. మొదట్లో నాకు ఆ మాట కొంచెం చిన్నతనంగా అనిపించేది. తర్వాత సుందరకాండ మళ్లీ చదివాను.

హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటాడు. సీతమ్మని కనిపెట్టాడు. అశోకవనాన్ని నేలమట్టం చేశాడు. రాక్షస భటులు చుట్టుముట్టారు. అంతకంటే పెద్ద విజయం ఎవరికుంటుంది? అప్పుడు ఆయన గట్టిగా అరిచి చెప్పిన మాటల వరస చూడు. ముందు రాముడికి, లక్ష్మణుడికి, సుగ్రీవుడికి జయం చెప్పాడు. తర్వాత "నేను కోసలరాజు రాముడి దాసుణ్ణి" అన్నాడు. ఆ తర్వాతే హనుమంతుడు అన్న పేరు. శత్రుసైన్యాలని చంపేవాణ్ణి అన్నది దాని తర్వాత. వరస మారలేదు: ఎవరివాడు, పేరేమిటి, ఏం చేస్తాడు. మనం మొత్తం తలకిందులుగా చెప్పుకుంటున్నాం. ముందు ఏం చేస్తామో చెప్తాం, అది చెప్పడానికి లేకపోతే పేరు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడతాం.

"దేవుడు ఎలాగూ ప్రేమిస్తాడంటే ఇక కష్టపడేదెందుకు, బద్ధకం వస్తుంది కదా" అని నువ్వు రాశావు. హనుమంతుడికి బద్ధకం వచ్చిందా? తాను ఎవరివాడో రూఢి అయినవాడు కాబట్టే అంత పని చేశాడు. సీతమ్మ మొదట కనిపించనప్పుడు ఆయన కూడా నిరాశపడ్డాడు, ప్రాణం తీసుకోవాలా అని కూడా ఆలోచించాడు. రామాయణంలో ఆ ఘట్టం దాచలేదు. మళ్లీ లేచి ఇంకా వెతకని చోటు చూసుకుని అశోకవనంలోకి వెళ్లాడు.

మన వైపు పల్లెల్లో ముసలివాళ్లు కొత్త పిల్ల కనిపిస్తే "ఎవురి బిడ్డవు మే?" అంటారు. ఏ క్లాసు, ఎన్ని మార్కులు అని అడగరు. ఫలానావాళ్ల మనమరాలినని చెప్తే చాలు, లోపలికి పిలిచి చేతిలో ఏదో ఒకటి పెడతారు. ఆ పిల్ల అప్పటికి చేసిన ఘనకార్యం ఏమీ లేదు. నాకు భగవంతుడి ప్రేమ అర్థమైనంతవరకు అలాంటిదే.

ఇక మన కొండ కథే ఒకటి ఉంది. చిన్నప్పుడు విని వదిలేసి ఉంటావు. తొండమాన్ చక్రవర్తి స్వామికి రోజూ బంగారు పూలతో అర్చన చేసేవాడు. తన అంత భక్తుడు లేడని ఆయనకి ఒక నమ్మకం. ఒకరోజు చూస్తే స్వామి పాదాల దగ్గర తన బంగారు పూలతో పాటు మట్టి పూలు కనిపించాయి. ఎవరివని ఆరా తీస్తే భీముడనే కుమ్మరివని తేలింది. ఆయనకి గుడికి వచ్చే తీరిక కూడా లేదు. కుండలు చేస్తూ చేస్తూ, చేతికి అంటిన మట్టితోనే పూలు చేసి, ఇంట్లో పెట్టుకున్న కొయ్య విగ్రహం ముందు పెట్టేవాడు. అవి ఇక్కడికి చేరేవి. ఇప్పటికీ స్వామికి మట్టికుండలోనే పెరుగన్నం నైవేద్యం వెళ్తుందని పెద్దలు ఆ భీముణ్ణి తలుచుకుంటూ చెప్తారు.

ఈ కథని పేదవాడి భక్తి గొప్పదని చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం అందులో రాజు ముఖ్యం. స్వామి ఆయన బంగారు పూలని విసిరెయ్యలేదు. అవీ అక్కడే ఉన్నాయి. పోయింది ఒక్కటే, ఆ పూల లెక్కతో తన విలువ కట్టుకునే అలవాటు. నీ ర్యాంకులు కూడా అలాంటివే నాయనా. వాటిని తీసుకెళ్లి చెత్తలో పడెయ్యమని నేను అనను. కష్టపడి చదివావు, అవి నిజం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఊళ్లో భక్తిని కూడా మార్కుల్లా లెక్కపెట్టే అలవాటు బాగా ఉంది. ఎన్నిసార్లు అలిపిరి మెట్లు ఎక్కాం, బ్రేక్ దర్శనం దొరికిందా, ఎవరి సిఫార్సు లెటర్ మీద వెళ్లాం, ఎంత దగ్గరి నుంచి చూశాం. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు ఎక్కడం మంచిదే, నేనూ ఎక్కాను. కానీ ఉద్యోగం రాలేదని భక్తిలో ఫస్టు రావాలని బయలుదేరితే అది ఇంకో పోటీ పరీక్ష అవుతుంది. శరణాగతికి పెద్దలు చెప్పిన అర్హత వింటే ఆశ్చర్యపోతావు. ఆకించన్యం. అంటే నా చేతిలో చూపించుకోవడానికి ఏమీ లేదని ఒప్పుకోవడం. ఆ గడి ఖాళీగా ఉండడమే అర్హత. బ్యాంకు ఫారం దగ్గర నేను భయపడింది దేనికో, అదే ఇక్కడ లోపలికి రమ్మనే మాట అయింది.

నాకు ఇది పుస్తకంలో కంటే కొండమీదే బాగా తెలిసింది. మా వీధి ఆడవాళ్లతో కలిసి శ్రీవారి సేవకి వెళ్లాను. తరిగొండ వెంగమాంబ పేరు మీదున్న అన్నప్రసాద కేంద్రంలో మాకు కూరగాయలు తరిగే పని పడింది. నా పక్కన ఒకావిడ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది, కూలిపని చేసుకునే మనిషి. ఇంకో పక్కన రిటైరయిన పెద్ద అధికారి భార్య. ఎదురుగా చిక్కుడుకాయల గుట్ట. ఎవరూ ఎవర్నీ ఏం చేస్తుంటారని అడగలేదు. నా గొంతు పోయిందని తెలిసి ఆ శ్రీకాకుళం ఆవిడ నా తరఫున కూడా గోవింద కొట్టేది. తరిగిన కూర ఎవరు తింటారో తెలియదు, ఎవరు తరిగారో తిన్నవాళ్లకి తెలియదు. నా పేరు ఎక్కడా లేని పని చేసి అంత హాయిగా నిద్రపోవడం నాకు అదే మొదలు.

ఆ వెంగమాంబ గారి సంగతి కూడా ఒకమాట. ఆమె 1730లో పాత చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో అలాంటి ఆడపిల్లని లోకం ఏమని పిలిచేదో, ఎలా బతకమనేదో నీకు చెప్పక్కర్లేదు. ఆమె ఆ వేషం కట్టనంది. నా భర్త వేంకటేశ్వరుడు అంది. ఊరివాళ్ల మాటలు పడి, చివరికి తిరుమల చేరింది. ఈనాటికీ రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తారు. లోకం ఇచ్చిన పేరుని కాదని, తాను ఎవరిదో దాన్ని పట్టుకుని నిలబడిన మనిషి. ఆమె చేసిన రచనలన్నీ అలా నిలబడ్డాకే వచ్చాయి.

ఇప్పుడు నీ సంగతి. నిద్రపట్టకపోవడం, అన్నం సహించకపోవడం వారాల తరబడి ఉంటే, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే, డాక్టరు దగ్గరికి వెళ్లు. టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. గుడికి వెళ్తున్నాను కదా అని దాన్ని ఆపొద్దు. నా గొంతుకి నేను స్పీచ్ థెరపీకి కూడా వెళ్లాను, పారాయణకి కూడా వెళ్లాను. ఇప్పుడు మిగతావాళ్లు పైకి చదువుతుంటే పెదవులు కదుపుతాను.

రోజూ చెయ్యదగ్గది ఒకటి చెబుతాను. పుస్తకం తెరిచే ముందు, మొబైల్ చూడకముందు, "నేను నీవాణ్ణి" అని స్వామికి చెప్పుకో. చదువు బాగా సాగిన రోజు, సాగని రోజు, రెండు రోజులూ అదే మాట, అదే గొంతుతో. నమ్మకం కలిగాక చెబుదామని ఆగకు. చెప్పగా చెప్పగా నాకు నమ్మకం కలిగింది.

మళ్లీ రాయాలా అంటే, ఆ ఉద్యోగంలో చేసే పని నీకు ఇష్టమా అని ముందు చూసుకో. తహసీల్దారు ఆఫీసులో పాసుపుస్తకం కోసం నిలబడిన రైతు పని చేసిపెట్టాలని ఉంటే రాయి. బంధువుల ముందు తలెత్తుకోవడానికే అయితే, వచ్చిన తర్వాత కూడా ఆ తల దించాల్సిన రోజు ఇంకోటి వస్తుంది. ప్రమోషన్ ఉంటుంది, పక్కవాడి పోస్టింగ్ ఉంటుంది. రాసేటట్టయితే ఖాళీగా కూర్చుని రాయొద్దు. ఏదో ఒక పని చేస్తూ, ఇన్ని నోటిఫికేషన్లకే అని ముందే అనుకుని రాయి.

నాన్న విషయం. పగటి బస్సుకి వెళ్లు. రిజల్ట్ వచ్చిన రోజు కాకుండా మామూలు రోజు చూసుకుని, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పు. ఎంత ఖర్చయింది, ఇకపై ఆయన దగ్గర ఎంత తీసుకోవు, ఏ నెల నుంచి ఏ పని చూసుకుంటావు, ఇవన్నీ లెక్కతో చెప్పు. చాలామంది తండ్రుల కోపం వెనక ఉండేది, నలుగురిలో అడిగితే ఏం చెప్పాలో తెలియకపోవడం. "మావాడు పనిచేస్తూ చదువుకుంటున్నాడు" అని చెప్పుకోగలిగితే ఆయనకి సగం బరువు దిగుతుంది. మొదటిరోజు ఏమీ మాట్లాడకపోవచ్చు. నువ్వు ఆ పూట అక్కడే ఉండి భోంచేసి రా.

ఆప్టిట్యూడ్ పేపర్‌లో ఏ లెక్క దగ్గరైనా ఆగిపోతే ఇక్కడే రాయి. మాట్లాడలేకపోయినా స్టెప్పులన్నీ వివరంగా రాసి పెడతాను.