కారం ముందు ఏ వైన్ నిలుస్తుంది?
ఆరుగురు మిత్రులు, తలా ఒక వైన్ సీసా, బెజవాడలో ఆంధ్రా భోజనం, దేనితో ఏది అని అడిగారు కదండీ. ముందు హోటల్‌కి ఫోన్ చేసి బార్ లైసెన్సుందా, బయటి సీసా రానిస్తారా, కార్కేజ్ (మనం తెచ్చుకున్న సీసాకి వాళ్ళు తీసుకునే రుసుము) ఎంత అన్నది తేల్చుకోండి. ఆరు వద్దు, నాలుగు చాలు. 750 మి.లీ. సీసాకి 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి.

అసలు చిక్కు కారం. వగరు రెడ్ వైన్ పడితే నోటి మంట ఇంకా రేగుతుంది. నేనోసారి కాబర్నే అని ఖరీదైన వగరు రెడ్ తీసుకెళ్ళి, కోడివేపుడు మొదటి ముక్కకే మజ్జిగ తెప్పించుకున్నా! కాస్త తీపి తగిలే వైట్ వైన్, చెనిన్ బ్లాంకో, రీస్లింగో, బాగా చల్లబరిచి తీసుకెళ్ళండి. రెడ్డే కావాలనేవాళ్ళు ఉంటారుగా, వాళ్ళ సీసానీ కాసేపు ఐసులో పెట్టించండి. దానికి 16-18 డిగ్రీలుండాలి, మన మే నెల గదిలో అది కషాయమే.