‘మీ చిత్తము’ అనే చోటికి వచ్చేసరికి నోరు రావడం లేదు

ప్రశ్న: మాది కర్నూలు. మా ఆయనకు 46 ఏళ్లు, వెల్డింగ్ షాపు ఉండేది. షుగర్ వల్ల రెండు కిడ్నీలూ పోయాయి. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్. డాక్టరు గారు కిడ్నీ మార్పిడి గురించి చెప్పారు. మా ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు కాబట్టి నేనే ఇస్తానన్నాను. ఆయన ఒప్పుకోవడం లేదు. “దేవుని చిత్తం ఎట్లుంటే అట్ల కానీ, నీ ఒంటి మీద కత్తి పడనీయను” అంటారు. పైగా ఈ నెలలో రెండుసార్లు డయాలసిస్‌కే పోలేదు. ప్రార్థన కూటంలో ఒకామె “విశ్వాసముంటే ఆస్పత్రితో పనేముంది” అంది. మా అత్తమ్మ “దేవుని చిత్తానికి తలవంచు, పోట్లాడొద్దు” అంటుంది. రాత్రిపూట ఇంట్లో జపమాల నడిపించేది నేనే. పరలోక జపంలో ‘మీ చిత్తము’ అనే చోటికి వచ్చేసరికి నాకు నోరు రావడం లేదు. ఆ మాట అంటే ఆయన చావుకు ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. నాకు విశ్వాసం లేనట్టేనా? పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి.

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆస్పత్రి సంగతి. రెండుసార్లు మానేశారని మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ, నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. అంతకుముందు పెద్ద లక్షణాలేవీ కనబడకపోవచ్చు కూడా. ఆయన్ను చూసే డాక్టరుకు ఈ విషయం ఈరోజే చెప్పండి. పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా అయిపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. చుట్టాలు ప్రేమగా తెచ్చే కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు ఆయనకు మంచివి కావు. వాటిలో పొటాషియం ఎక్కువ. మన ఎండల్లో దాహాన్ని ఆపుకోవడం ఎంత కష్టమో కర్నూలు వాళ్లకు వేరే చెప్పాలా? రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు చెప్పిన లెక్క దాటకుండా, అందులోనే కొంత చిన్న ఐసు ముక్కలుగా నోట్లో వేసుకోమనండి.

డాక్టరుతో ఇంకొక మాట కూడా చెప్పండి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి డిప్రెషన్ వస్తుంది. షాపు మూతపడి, ఇంటికి భారమయ్యానని అనుకునే మగవాడికి అది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. “దేవుని చిత్తం” అన్నది ఆయన విశ్వాసం పలికిస్తున్న మాటా, లేక అలసిపోయిన మనసు పలికిస్తున్న మాటా అన్నది ఇంట్లోవాళ్లకు తేలికగా తెలియదు. డాక్టరు మాట్లాడితే తెలుస్తుంది. డిప్రెషన్‌కు మందు ఉంది.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. మీకు విశ్వాసం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

శిలువ మరణానికి ముందు రాత్రి గెత్సేమని తోటలో యేసు ప్రభువు ఏం చేశారో ఒకసారి నిదానంగా చదవండి. రాబోయే శ్రమల పాత్రను తన నుంచి తీసివేయమని తండ్రిని అడిగారు. మత్తయి సువార్త ప్రకారం అదే ప్రార్థన మూడుసార్లు చేశారు. లూకా సువార్తలో ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. ఒంటరిగా ఉండలేక ముగ్గురు శిష్యులను మేలుకొని ఉండమని బతిమాలారు. ‘నా ఇష్టం కాదు, మీ చిత్తమే’ అన్న మాట ఇంత వేదన మధ్యలో వచ్చింది. మనం శ్రమల కాలంలో శిలువ మార్గం చేస్తూ ఆ మాటను గౌరవంగా చెప్పుకుంటాం గానీ, దానికి ముందు ఆయన అడిగిన అడగడాన్ని దాటేస్తాం. హెబ్రీయులకు రాసిన లేఖ ఐదో అధ్యాయం ఆయన పెద్ద కేకలతో, కన్నీళ్లతో ప్రార్థించారని చెబుతుంది. దేవుని కుమారుడే అంతగా ఏడిస్తే, మీరు ఏడవడం పాపం ఎలా అవుతుంది? మరియమ్మ తల్లి కూడా ‘ఇదెలా జరుగుతుంది’ అని గాబ్రియేలు దూతను అడిగాకే ‘నీ మాట చొప్పున నాకు జరుగుగాక’ అన్నారు. అడిగినందుకు దూత కోప్పడలేదు, వివరం చెప్పాడు.

కాబట్టి మీ ఆయన బతకాలని దేవుణ్ణి అడగండి. పేరు పెట్టి, గొంతు విప్పి అడగండి. దేవుని చిత్తానికి లొంగడమంటే కోరికను చంపుకొని, ఏమీ వద్దన్నట్టు కూర్చోవడం కాదు. కోరికను దాచకుండా తండ్రి ముందు పెట్టి, మన చేతిలో ఉన్న పని చేసి, చివరి మాట ఆయనకు వదిలేయడం.

“ఆస్పత్రితో పనేముంది” అన్న ఆమెకు మన బైబిలే జవాబు చెబుతుంది. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీయండి. వైద్యుణ్ణి గౌరవించమని, అతణ్ణి చేసింది దేవుడేనని, మందులను భూమిలోంచి పుట్టించింది ప్రభువేనని, తెలివైనవాడు వాటిని కాదనడని అందులో ఉంది. జబ్బు చేస్తే ప్రార్థన చేయమంటూనే, వైద్యుడికి కూడా చోటివ్వమంటుంది. ఆమె మీద కోపం పెట్టుకోకండి, ఆమెతో వాదించడం కూడా అనవసరం. ఆమె మాట వల్ల మీ ఆయన ఒక్క డయాలసిస్ మానకుండా చూసుకుంటే చాలు.

అత్తమ్మ గారి మాట వేరు. కొడుకు పోతాడేమోనన్న భయాన్ని ఆ తల్లి అలా సర్దుకుంటోంది. ఆమెను బాధపెట్టకండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి. మీ ఆయన 46 ఏళ్లకే పోవాలన్నది దేవుని చిత్తమని ఆమెకు గానీ, ఆయనకు గానీ, మీకు గానీ ఎవరూ చెప్పలేదు. తన దగ్గరికి వచ్చిన రోగుల్లో ఒక్కరిని కూడా ‘నువ్వు ఇలాగే ఉండాలన్నది నా తండ్రి చిత్తం’ అని ప్రభువు వెనక్కి పంపినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు.

జపమాల విషయంలో ఒక చిన్న మార్పు చేయండి. కొన్నాళ్లు మీరు నడిపించకండి, పాపను నడిపించమనండి. నడిపించేవాళ్లు పరలోక జపం మొదటి సగం ‘భూలోకమందును నెరవేరును గాక’ వరకు చెబితే, మిగతావాళ్లు ‘నానాటికి కావలసిన మా అన్నము’ దగ్గర అందుకుంటారు కదా. మీరు ఆ రెండో సగం చెప్పండి. మీ నోరు రాని మాటను మీ కూతురు మీ కోసం చెబుతుంది. ఒకరి విశ్వాసం సన్నగిల్లినప్పుడు పక్కవాళ్లు మోయడానికే కుటుంబ ప్రార్థన. ఇంకొక సంగతి చూడండి. చిత్తం నెరవేరాలన్న వెంటనే ఆ జపం ఇవాళ్టి అన్నం అడుగుతుంది. మీ ఆయనకు ఇవాళ్టి డయాలసిస్ ఇవాళ్టి అన్నంలాంటిదే. దాన్ని అడిగితే ఆయన చావుకు ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

ఇక కిడ్నీ ఇచ్చే విషయం. శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, దీన్ని కాదనడం లేదు. దాతకు కలిగే ప్రమాదం రోగికి జరిగే మేలుకు తగినంతలో ఉంటే, దాత స్వేచ్ఛగా ఒప్పుకుంటే, అవయవదానం మెచ్చదగిన పని అని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (కేటకిజం) చెబుతుంది. 2000 ఆగస్టు 29న అవయవ మార్పిడి నిపుణుల సభలో మాట్లాడుతూ పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు ప్రతిఫలం ఆశించకుండా చేసే ఈ దానాన్ని నిజమైన ప్రేమ కార్యమన్నారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువే. భార్యాభర్తలమని నిరూపించే కాగితాలు అడుగుతారు. గుడిలో ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, పెళ్లి ఫొటోలు వెతికి పెట్టుకోండి.

అయితే చెల్లెమ్మా, ఇక్కడ మీకు కొంచెం కష్టంగా ఉండే మాట చెప్పాలి. మీ ఇష్టాన్ని మీరు దేవునికి అప్పగించగలరు. మీ ఆయన ఇష్టాన్ని ఆయన తరఫున మీరు అప్పగించలేరు. ఇచ్చే మనసు మీకు ఎంత ముఖ్యమో, పుచ్చుకునే మనసు ఆయనకు అంతే ముఖ్యం. ఒత్తిడి పెట్టి ఒప్పిస్తే, రేపు మీకు నడుము నొప్పి వచ్చినా ఆయన దోషిలా తలదించుకుంటారు. రోగికి మోయలేని భారంగా తోచిన పెద్ద చికిత్సను కాదనే హక్కు రోగికి ఉందని శ్రీసభే చెబుతుంది. ఆయన మార్పిడి వద్దన్నంత మాత్రాన పాపం చేసినట్టు కాదు. డయాలసిస్‌కు వెళ్లకపోవడం మాత్రం వేరే సంగతి. ‘వీళ్లకు నేను భారం’ అనుకొని మానేస్తున్నారేమో ఆయన దగ్గర కూర్చొని తెలుసుకోవాలి.

ఆయనతో మాట్లాడేటప్పుడు డయాలసిస్ చేయించుకొచ్చిన రోజు వద్దు. ఆ రోజు మనిషి పీల్చేసినట్టు ఉంటారు. మధ్యలో ఖాళీ ఉన్న రోజున, పిల్లలు ఇంట్లో లేనప్పుడు కూర్చోండి. “మీరు దేన్ని చూసి భయపడుతున్నారు?” అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేదాకా మీరు ఏమీ చెప్పకండి. మీకేమన్నా అయితే పిల్లలకు దిక్కెవరన్న భయం ఉండొచ్చు. ఖర్చు గురించి ఉండొచ్చు. భార్య కిడ్నీతో బతికానని నలుగురూ అంటారన్న సిగ్గూ ఉండొచ్చు. మీ ఒంటి మీద కత్తి పడనీయనన్న మాటలో మీ మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమను ముందు ఒప్పుకోండి. “నా మీద ఇంత ప్రేమ ఉన్నందుకు సంతోషం, నాకూ మీ మీద అంతే ఉంది” అనండి. ఆ తర్వాత పరీక్షలకు మాత్రం ఒప్పుకోమని అడగండి. పరీక్షలు చేయించుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు కట్టుబడినట్టు కాదు, మీరు ఎప్పుడైనా వద్దనవచ్చు. మీ బీపీ, షుగర్, కిడ్నీల పనితీరు అన్నీ చూస్తారు. ఎక్కడ తేడా ఉన్నా డాక్టర్లే వద్దంటారు. మార్పిడి అయ్యాక కూడా ఆయన జీవితాంతం మందులు వాడాలి, ఇన్ఫెక్షన్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇవన్నీ తెలుసుకున్నాకే ఇద్దరూ నిర్ణయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు ఎంతవరకు వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

అన్నీ విన్నాక కూడా మీ కిడ్నీ తీసుకోనంటే, చనిపోయినవారి నుంచి వచ్చే కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించమనండి. అందులో మీ ఒంటి మీద కత్తి పడే మాటే లేదు కాబట్టి ఆయన ఒప్పుకోవచ్చు. పరీక్షల్లో మీ కిడ్నీ పనికిరాదని తేలినా అదే దారి. మీరు చేయగలిగిందంతా చేశాక ఎదురయ్యే ఆ ‘కాదు’ను దేవుని చేతుల్లో పెట్టడమే మీ వంతు. అంతకుముందే పెట్టమని ఎవరు తొందరపెట్టినా వినకండి.

విచారణ గురువులను, అంటే మీ గుడి ఫాదర్ గారిని, ఇంటికి పిలవండి. రోగులకు నూనె పూసి ప్రార్థించే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అడగండి. అది చివరి ఘడియల్లోనే ఇస్తారన్న భయం మన ఊళ్లలో ఇంకా పోలేదు. జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు ఎప్పుడైనా పొందవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ పొందవచ్చు. ఫాదర్ గారు వచ్చినప్పుడు మీ ఆయనతో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. భార్యకు చెప్పలేనిది ఆయన పాపసంకీర్తనంలో (గురువు దగ్గర తప్పులు ఒప్పుకునే సంస్కారంలో) చెప్పుకోవచ్చు.

పిల్లల దగ్గర దాయకండి. పాపకు పరీక్షల సంవత్సరమని మీరు ఏమీ చెప్పకపోయినా, తండ్రి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లలేదన్నది ఆమె గమనించే ఉంటుంది. ఉన్నదున్నట్టు, ఆమె మోయగలిగినంత చెప్పండి. బాబుకు అక్క దగ్గర కాదు, మీ నోటే తెలియనివ్వండి. ఇద్దరినీ అప్పుడప్పుడు డయాలసిస్ నుంచి నాన్నను తీసుకురావడానికి పంపండి. తన కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో ఆయన కళ్లారా చూడాలి.