లేహ్‌లో పెరిగిన పొగ రీడింగ్: సమాధానం

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్ బండి పొగ పరీక్షలో నల్గొండలో 48 హెచ్‌ఎస్‌యూ (పొగ నలుపును కొలిచే యూనిట్), లేహ్‌లో 72 (లిమిట్ 65) చూపింది, ఇంజెక్టర్లు పోయాయా అని అడిగారు కదా అన్నా; తప్పు వాటిది కాదు, గాలిది. 3,500 మీటర్ల ఎత్తులో గాలి దాదాపు మూడో వంతు తక్కువ; పంపు మాత్రం అంతే డీజిల్ కొడుతుంది. నల్లపొగ రాక తప్పదు.

చాలామంది మర్చిపోయేది ప్రోబ్ (సైలెన్సర్‌లో పెట్టే మీటర్ గొట్టం) పెట్టేముందు చెయ్యాల్సిన పని. ఘాట్ ఎక్కుతుంటే సైలెన్సర్‌లో పేరుకున్న మసి మొదటి రేసులకే ఊడొస్తుంది, మీటర్ దాన్నీ లెక్కేస్తుంది.

1. ఇంజిన్ ఆయిల్ 60 డిగ్రీలు దాటాలి.
2. ప్రోబ్ బయటే ఉంచి, న్యూట్రల్‌లో మూడుసార్లు ఫుల్ రేస్.
3. మీటర్ వేడెక్కాక అక్కడి గాలిలోనే జీరో చెయ్యండి.
4. ఇప్పుడు ప్రోబ్ పెట్టి, పెడల్ సెకనులోపు కిందిదాకా తొక్కి గవర్నర్ (ఇంజిన్ స్పీడు హద్దు దాటకుండా ఆపే భాగం) పట్టేదాకా ఉంచండి. మెల్లగా తొక్కితే రీడింగ్ తగ్గుతుంది, అది దొంగ లెక్క.

ఎయిర్ ఫిల్టర్ దులపండి. డీజిల్ పంపు సీల్ (డీజిల్ మోతాదు మార్చకుండా వేసిన ముద్ర) మాత్రం తెంపొద్దు. లేహ్‌లో డీజిల్ తగ్గిస్తే నల్గొండలో బండి లోడ్ లాగదు.